మీ ఊరి కోర్టుకు డబ్బు ఎలా వస్తుంది? బడ్జెట్ దారిని పట్టుకోవడం ఎలా?

ఒక చిన్న పట్టణంలోని సివిల్ కోర్టు నాకు ఇప్పటికీ గుర్తుంది. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఒక పెద్దావిడ, కూర్చోవడానికి బల్ల లేక, వేపచెట్టు కింద చేతిసంచి పరుచుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఆవరణలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. జడ్జిగారికి చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. ఆస్తి ఎవరిదో తేల్చే అధికారం ఆయనకు ఉంది. మరుగుదొడ్డి కట్టించే డబ్బు మాత్రం ఆయన చేతిలో లేదు. ఆ డబ్బు నడిచే దారి తెలిస్తే, అది ఎక్కడ ఆగిందో మనమే కనుక్కోవచ్చు.

1. ముందు ఖజానా ఏదో తేల్చుకోండి

తాలూకా కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా మన న్యాయస్థానాలన్నీ ఒకే నిచ్చెన మీద ఉంటాయి, ఖజానాలు మాత్రం రెండు. సుప్రీంకోర్టు ఖర్చు కేంద్ర సంచిత నిధిది, అంటే కేంద్ర ప్రభుత్వ ప్రధాన ఖజానాది. హైకోర్టుతో పాటు జిల్లా, తాలూకా కోర్టుల ఖర్చును ప్రధానంగా రాష్ట్రమే భరిస్తుంది. హైకోర్టు న్యాయమూర్తికి జీతం రాష్ట్ర నిధి నుంచి, పదవీ విరమణ తర్వాత పింఛను కేంద్ర నిధి నుంచి అందుతాయి.

2. ఆ ఖర్చుకు సభలో ఓటు ఉందో లేదో చూడండి

రాజ్యాంగంలోని 146వ అధికరణం సుప్రీంకోర్టు పాలనా వ్యయాన్ని, 229వ అధికరణం హైకోర్టు పాలనా వ్యయాన్ని నేరుగా సంచిత నిధి మీద పెట్టాయి. దీన్ని ఛార్జ్‌డ్ వ్యయం అంటారు. సభ్యులు దానిపై చర్చించవచ్చు గాని ఓటు వేసి తగ్గించలేరు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పాల్సిన న్యాయస్థానం మీద సభలోని మెజారిటీ కత్తెర పట్టుకుని కూర్చోకూడదు, అందుకే ఈ ఏర్పాటు.

ఈ రక్షణ హైకోర్టు గడప దగ్గరే ఆగిపోతుంది. సామాన్యుడు తొక్కే గడప జిల్లా కోర్టుది, దాని కింది కోర్టులది. వాటి జీతాలు, నిర్వహణ మిగతా శాఖల పద్దుల్లాగే సభ ఓటుకు వెళ్తాయి. అందుకే మీ దృష్టి ఎక్కువగా ఉండాల్సింది ఇక్కడే.

3. అడిగే దారిని వెనక్కి వెతకండి

బడ్జెట్‌కు కొన్ని నెలల ముందే ఆర్థిక శాఖ అన్ని శాఖలనూ అంచనాలు అడుగుతుంది. కోర్టు కార్యాలయంలో లెక్కలు మొదలవుతాయి. మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, కరెంటు బిల్లు ఎంత, సమన్లు అందించే సిబ్బంది ప్రయాణ ఖర్చు ఎంత, కాగితాలకు ఎంత? ఇవన్నీ ప్రధాన జిల్లా జడ్జి కార్యాలయంలో ఒకచోట చేరి హైకోర్టు రిజిస్ట్రీకి వెళ్తాయి. అక్కడి నుంచి రాష్ట్ర న్యాయ శాఖకు, ఆ తర్వాత ఆర్థిక శాఖకు.

కోత పడేది ఎక్కువగా చివరి గదిలోనే. హైకోర్టు అడగగలదు, ఒత్తిడి చేయగలదు. ఖజానా తాళం మాత్రం ప్రభుత్వం దగ్గర ఉంటుంది. కొత్త కోర్టు కావాలన్నా, కొత్త పోస్టు కావాలన్నా వేరే ఫైలు నడిచి జీవో రావాలి. 10 లక్షల జనాభాకు 50 మంది జడ్జిలు ఉండేలా అంచెలంచెలుగా పెంచాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. దేశం ఇప్పటికీ అందులో సగానికి కూడా చేరలేదు.

ఇంకో చిక్కు ఉంది. కేంద్రం చట్టం చేస్తుంది, భారం రాష్ట్రం మీద పడుతుంది. 1989లో చెక్కు బౌన్సు నేరంగా అమల్లోకి వచ్చాక మేజిస్ట్రేటు కోర్టులు ఆ కేసులతో నిండిపోయాయి. మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన ఏర్పడిన కార్యదళం 2008లో ఒక మంచి మాట చెప్పింది. ప్రతి కొత్త బిల్లుతో పాటు, దానివల్ల కోర్టుల మీద పడే ఖర్చు ఎంతో కూడా లెక్క చూపాలన్నది. అది నేటికీ ఆచారంగా మారకపోవడం నన్ను బాధిస్తుంది.

4. భవనమైతే కేంద్ర వాటాను కూడా చూడండి

కోర్టు భవనాలకు, జడ్జిల నివాసాలకు 1993-94 నుంచి కేంద్ర ప్రాయోజిత పథకం ఉంది. తెలుగు రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకోవాలి. 2021-26 కాలానికి దీన్ని 9,000 కోట్ల రూపాయలతో పొడిగించి, న్యాయవాదుల హాళ్లను, మరుగుదొడ్లను కూడా చేర్చారు. ఆ పెద్దావిడ కష్టానికి తగిన పద్దు కాగితం మీద ఉందన్నమాట. అయితే రాష్ట్రం తన వాటా వేసి, ఖర్చు చేసినట్టు వినియోగ పత్రం పంపితేనే తర్వాతి విడత కదులుతుంది. కంప్యూటర్లు, ఆన్‌లైన్ సేవలు ఈ-కోర్టుల పథకం కిందికి వస్తాయి. దాని మూడో దశకు 2023లో కేంద్రం 7,210 కోట్లు ఆమోదించింది.

5. బడ్జెట్ పుస్తకం తెరవండి

రాష్ట్ర ఆర్థిక శాఖ వెబ్‌సైటులో బడ్జెట్ సంపుటాలు ఉంటాయి. న్యాయపాలన పద్దు సంఖ్య 2014. ఇది సంవత్సరం కాదు, దేశమంతటా వాడే పద్దు గుర్తు. అందులో 102 హైకోర్టుది, 105 సివిల్, సెషన్స్ కోర్టులది. భవనాలు ఇక్కడ దొరక్కపోతే ప్రభుత్వ నిర్మాణాల పద్దు అయిన 4059లో వెతకండి.

వరుసగా నాలుగు అంకెలు కనిపిస్తాయి: నిరుడు నిజంగా అయిన ఖర్చు, నడుస్తున్న ఏడాది అంచనా, దాని సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. పత్రికల్లో వచ్చేది చివరి అంకె. మీరు రెండో అంకెను మూడో దానితో పోల్చండి. 10 కోట్లు అని చెప్పి 6 కోట్లకు సవరించారనుకోండి, మిగతా 4 కోట్ల పని ఏదో ఆగి ఉండొచ్చు.

మీ దావాకు కట్టిన కోర్టు ఫీజు ఆ కోర్టు దగ్గరే ఉండిపోతుందని చాలామంది నమ్మకం. అది రాష్ట్ర ఖజానాలో కలిసిపోతుంది.

6. ఆగినచోట అడగండి

జిల్లా కోర్టులోనూ హైకోర్టులోనూ సమాచార హక్కు అధికారి ఉంటారు. హైకోర్టులకు సొంత ఆర్టీఐ నియమాలు ఉంటాయి కాబట్టి దరఖాస్తు నమూనా, రుసుము ముందే చూసుకోండి. "కోర్టుకు నిధులు ఎందుకు లేవు" అని రాస్తే జవాబు రాదు. "ఫలానా కోర్టులో మరుగుదొడ్ల నిర్మాణానికి ప్రతిపాదన ఏ తేదీన, ఏ లేఖ సంఖ్యతో పంపారు? ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉంది?" అని రాయండి. జవాబు కాగితం ఒక ప్రతి స్థానిక బార్ అసోసియేషన్‌కు, ఒక ప్రతి మీ ఎమ్మెల్యేకు ఇవ్వండి. న్యాయపాలన పద్దు సభలో చర్చకు రాకముందే ఇవ్వండి.