విండోస్ 7లో ‘మీ బ్రౌజర్ పాతది’ అని వస్తుంటే
క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో అబౌట్ తెరవండి. వెర్షన్ 109 దగ్గర ఆగిపోయి ఉంటే ఎన్నిసార్లు అప్‌డేట్ కొట్టినా లాభం లేదు. 2023లో వచ్చిన 110 నుంచి క్రోమ్‌కి కనీసం విండోస్ 10 కావాలి. యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ తన పేరు, వెర్షన్ సైటుకి చెప్పుకునే వరుస) మార్చే ఎక్స్‌టెన్షన్ వేస్తే హెచ్చరిక పోవచ్చు గానీ, సైటు వాడే కొత్త జావాస్క్రిప్ట్ (పేజీని నడిపించే కోడ్) బ్రౌజర్‌లోని పాత ఇంజన్‌కి అర్థం కాకపోవచ్చు: ఫారమంతా నింపాక సబ్మిట్ బటన్ నొక్కితే ఉలకదు, పలకదు.

పనిచేసింది ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం సపోర్టు ఇచ్చే ఎడిషన్). ముందు కంప్యూటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో 32 బిట్టో 64 బిట్టో చూసుకుని, మొజిల్లా సొంత సైటు నుంచే దించుకోండి.

అప్పటికీ సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే కంప్యూటర్‌లో తేదీ చూడండి; సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్‌కి గడువు ఉంటుంది, తేదీ తప్పయితే అది చెల్లనట్టు కనిపిస్తుంది. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ మార్చాలి. బ్యాంకు పనులు మాత్రం ఈ మెషీన్‌లో వద్దు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి.