నైట్రేట్ మందులు వాడేవారు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ మొదలుపెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

గుండెకు సంబంధించిన ఛాతీనొప్పికి నైట్రోగ్లిజరిన్, సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులు వాడుతున్నవారు, యాంటీఆక్సిడెంట్‌గా అమ్మే ఎన్-ఎసిటైల్ సిస్టీన్‌ను వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు. రక్తనాళాలను వెడల్పు చేసే నైట్రేట్ల ప్రభావాన్ని ఇది మరింత పెంచుతుంది కనుక, రెండూ కలిసినప్పుడు రక్తపోటు బాగా పడిపోయి, తీవ్రమైన తలనొప్పి రావచ్చు, కళ్లు తిరగవచ్చు, ఒక్కోసారి స్పృహ కూడా తప్పవచ్చు.

డబ్బా మీది పెద్ద అక్షరాలను నమ్మకుండా, వెనుక ముద్రించిన పదార్థాల పట్టికను చదవాలి. కఫం పలచబడటానికి నీళ్లలో కరిగించి తాగే 600 మిల్లీగ్రాముల బిళ్లల్లోనూ, కిడ్నీ రోగులకు టారిన్‌తో కలిపి రాసే కొన్ని మాత్రల్లోనూ ఉండేది ఈ మందే కాబట్టి, ఇతర వైద్యులు రాసిన చీటీలన్నీ గుండె వైద్యునికి చూపించాలి. దగ్గు మందే కదా అని చెప్పకుండా వదిలేయడం చాలా సులువుగా జరిగే పొరపాటు.

రెండింటినీ కలిపి వాడమని వైద్యుడే చెబితే, మొదటి రోజుల్లో రక్తపోటును తరచుగా చూసుకోవాలి. నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రను కూర్చునే పెట్టుకోవాలి. తలనొప్పి వచ్చిందని నైట్రేట్‌ను సొంతంగా మానకూడదు. స్పృహ తప్పినా, మాత్ర పెట్టుకున్న 5 నిమిషాలకు కూడా ఛాతీనొప్పి తగ్గకపోయినా వెంటనే 108కు ఫోన్ చేయాలి.