డీజిల్ ఆటోమేటిక్ కొనే ముందు గేరుబాక్సును ఇలా చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో గేరుబాక్సులు విప్పడం మొదలుపెట్టి నాకు 22 ఏళ్లయింది. ఈ మధ్య ఆదివారం వచ్చిందంటే ఫోన్లు. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ ఆటోమేటిక్ చూశాం, ఒకసారి వస్తావా?" అని. అందరి దగ్గరికీ వెళ్లలేను. అందుకే నేను చూసే పద్ధతి రాస్తున్నాను.

అమ్మేవాళ్లకు ముందే చెప్పండి, మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయండి. గేరుబాక్సు ఆయిల్ చల్లగా ఉన్నప్పుడే బయటపడే జబ్బులు కొన్ని ఉంటాయి.

ఏ రకం గేరుబాక్సో తెలుసుకోండి. నెక్సాన్, పాత బ్రెజా డీజిళ్లలో ఉండేది ఏఎంటీ. లోపల మామూలు గేర్లు, మామూలు క్లచ్ ప్లేటే. క్లచ్ నొక్కే పని మాత్రం మన కాలుకు బదులు యంత్రం చేస్తుంది. క్రెటా, సెల్టోస్, హారియర్ డీజిళ్లలో టార్క్ కన్వర్టర్, అంటే ఇంజను లాగుడును ఆయిల్ ద్వారా గేర్లకు అందించే రకం. వెంటో, ర్యాపిడ్ డీజిళ్లలో రెండు క్లచ్‌ల డీఎస్‌జీ. డీజిల్‌కు ఇంత జాగ్రత్త ఎందుకంటే, దాని లాగుడు కింది స్పీడులోనే మొదలవుతుంది. క్రెటా 1.5 డీజిల్ 1500 ఆర్‌పీఎంకే (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) 250 ఎన్ఎం టార్క్, అంటే లాగే బలం, ఇస్తుంది. అదే సైజు మామూలు పెట్రోల్ ఇంజను 144 ఎన్ఎం ఇవ్వడానికి 4500 దాకా తిరగాలి. బండి కదిలిన ప్రతిసారీ ఆ బరువు గేరుబాక్సు మీదే పడుతుంది.

టార్క్ కన్వర్టర్ బండైతే బ్రేకు తొక్కి ఉంచి న్యూట్రల్ నుంచి డీకి మార్చండి. సెకనులో పట్టుకోవాలి. రెండు మూడు సెకన్లు ఆగి ధడ్‌మని పడితే లోపల ఆయిల్ ప్రెజర్ సరిగా లేదు. రివర్స్ కూడా ఇలాగే చూడండి. తర్వాత గుంటూరు వైపు హైవే ఎక్కి, కాజ టోల్‌గేటు దాకా 60, 80 మధ్య ఒకే స్పీడులో, యాక్సిలరేటర్ కొద్దిగానే తొక్కి నడపండి. రోడ్డు నున్నగా ఉన్నా రంబుల్ స్ట్రిప్స్ మీద వెళ్లినట్టు వణికిందా? చాలామంది టైర్లనో, ఇంజను మౌంటింగులనో అనుకుంటారు. వెనక ఎవరూ లేనప్పుడు యాక్సిలరేటర్ తియ్యకుండా ఎడమ కాలితో బ్రేకును అలా తాకించండి. వణుకు వెంటనే ఆగితే కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ (ఒకే స్పీడులో వెళ్లేటప్పుడు ఇంజనును, గేరుబాక్సును నేరుగా కలిపేది) మీద అనుమానం పెట్టుకోవచ్చు.

గేరుబాక్సు ఆయిల్ మార్చిన బిల్లు అడగండి. "జీవితకాలం మార్చక్కర్లేదు" అనే మాట మన ఎండలకి, మన ట్రాఫిక్‌కి నేను ఒప్పుకోను. నా దగ్గరికి వచ్చే బండ్లకు 60 వేల కిలోమీటర్ల లోపే మార్పిస్తాను.

ఏఎంటీకి ఎత్తు కావాలి. నేను కొండపల్లి కోట రోడ్డుకు తీసుకెళ్తాను. ఎక్కుడు మధ్యలో ఆపి, మళ్లీ కదిలించినప్పుడు బండి గడగడ ఊగినా, కాలిన వాసన వచ్చినా క్లచ్ ప్లేటు పని అయిపోవచ్చింది. కిందికి దిగాక మాన్యువల్ మోడ్‌లో మూడో గేరులో 40 మీద ఉన్నప్పుడు గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది.

మా బావమరిది ఇలా చూసుకోకుండానే ఒక డీజిల్ ఏఎంటీ కొన్నాడు. మూడు నెలలకే క్లచ్ పోయింది. ఒక గ్యారేజీలో కొత్త ప్లేటు వేశారు కానీ స్కానర్ పెట్టి క్లచ్ లెర్నింగ్ చేయలేదు. కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు నేర్పకపోతే గేరు గేరుకూ జర్క్ వస్తుంది. వాళ్లేమో గేరుబాక్సే పోయిందన్నారు. టెన్షన్‌తో బండి సగం ధరకు అమ్మేద్దామనుకున్నాడు. నా దగ్గర అరగంటలో సరైపోయింది. కొత్త క్లచ్ వేశామని అమ్మేవాళ్లు చెబితే, లెర్నింగ్ చేశారా అని తప్పకుండా అడగండి.

డీఎస్‌జీకి సాయంత్రం బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌కు మించిన పరీక్ష లేదు. అరగంట పాకిస్తూ నడపండి. ఒకటి, రెండు గేర్ల మధ్య వణుకు మొదలైతే వదిలేయండి.

తిరిగి వచ్చాక ఇంజను ఆపి, కింద ఒక అట్టముక్క పరిచి పావుగంట కూర్చోండి. దాని మీద ఎర్రటి చుక్కలు పడితే లీకు ఉన్నట్టే. ఇంజను బాగా చల్లారాక కూలెంట్ డబ్బా మూత తీసి చూడండి. కూలెంట్‌తోనే గేరుబాక్సు ఆయిల్‌ను చల్లబరిచే బండ్లలో ఆ కూలర్ లోపల చిల్లు పడితే రెండూ కలుస్తాయి. డబ్బాలో గులాబీ రంగు మీగడలాంటిది కనిపిస్తే, లక్ష తగ్గించి ఇస్తామన్నా ఆ బండి తీసుకోకండి.