వైరల్ విరేచనాల తర్వాత వదలని ఐబీఎస్: నాకు పనిచేసిన పద్ధతి

వైరస్ పోయినా పేగు నరాల అతిస్పందన ఐబీఎస్‌గా (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగు అతిసున్నితంగా మారే సమస్య) నెలల తరబడి మిగలవచ్చు: నొప్పి, ఉబ్బరం, తినగానే బాత్‌రూమ్‌కి పరుగు. మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే మాత్రం ముందు గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికే వెళ్లండి.

నాకు ఎక్కువ తేడా తెచ్చింది మెల్‌బోర్న్‌లోని మొనాష్ యూనివర్సిటీ రూపొందించిన లో ఫాడ్‌మ్యాప్ ఆహారం, అంటే పేగులో సరిగ్గా జీర్ణం కాక పులిసి గ్యాస్ చేసే కొన్ని పిండిపదార్థాలను తగ్గించే పద్ధతి. నాలుగు నుంచి ఆరు వారాలు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, రాజ్మా, శనగలు, పాలు, మామిడి, ఆపిల్ ఆపాలి. అన్నం, గుడ్డు, క్యారెట్, వంకాయ, బొప్పాయి ఉండనే ఉన్నాయి. బెంగళూరు దర్శినుల్లో (నిలబడి తినే చిన్న హోటళ్లలో) చిక్కు సాంబారుతోనే: ఉల్లి, కందిపప్పు రెండూ అందులోనే. ఖారాబాత్ కూడా గోధుమరవ్వే. ఇంట్లో తాలింపుకి వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేయించి తీసేయండి. ఇబ్బంది పెట్టే ఫ్రక్టాన్లు (వెల్లుల్లిలోని ఒక రకం పిండిపదార్థాలు) నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. రుచి మాత్రం దిగుతుంది. అదే రెబ్బలు చారులో వేసి తీసేస్తే లాభం లేదు. ఉల్లికాడల పచ్చని భాగం వాడొచ్చు.

తర్వాత ఆపిన ఒక్కో పదార్థాన్ని మూడు రోజులు, కొంచెం కొంచెం పెంచుతూ తిని చూడాలి. చాలామంది ఈ దశ వదిలేస్తారు, అది నిజంగా నష్టం: ఆంక్షలు సాగితే పేగులోని మంచి బిఫిడో బ్యాక్టీరియా తగ్గుతుంది.

ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉన్న సప్లిమెంట్) ఒక్కటే ఎంచుకుని, ప్యాకెట్ మీది మోతాదులో నాలుగు వారాలు వాడండి. ఆ వారాల్లో ఆహారం మార్చకండి, మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. గుణం లేకపోతే ఆపేయండి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.