చట్టం ముసాయిదాపై మన మాట ఎలా చెప్పాలి?

2016 మార్చిలో తెలంగాణ ఎమ్మెల్యేల జీతభత్యాల పెంపు బిల్లు సభ ముందుకు వచ్చింది, గట్టెక్కింది. నెలకు 95 వేలు ఉన్నది రెండున్నర లక్షలైంది. తన జీతం తానే రాసుకునే వీలు ఆశా వర్కర్‌కు లేదు, సింగరేణి కార్మికుడికి లేదు, అసెంబ్లీకి మాత్రం ఉంది. ఎమ్మెల్యేలంతా చెడ్డవాళ్లని దీనర్థం కాదు. చట్టం రాసేటప్పుడు దగ్గర కూర్చున్నవాళ్ల అవసరాలే ముందు కాగితం మీదికి ఎక్కుతాయి. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లకు ఆ గది దారి తెలుసు. పరకాలలో పత్తి వేసే రైతుకు తెలియదు. అందుకే ముసాయిదా బయటికి వచ్చే ఆ కొద్ది రోజులు మనకు చాలా విలువైనవి. ఆ రోజుల్లో ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా, అది ఏ దశలో ఉందో తేల్చుకోండి

పత్రికలో "కొత్త చట్టం వస్తోంది" అని చదవగానే కలెక్టరేట్‌కు పరుగెత్తితే పని కాదు. ఆ కాగితం ఇంకా ముసాయిదాగానే ఉందా, బిల్లుగా సభలోకి వెళ్లిందా, చట్టమైపోయి నిబంధనలు రాస్తున్నారా అన్నది ముందు తెలియాలి. ముసాయిదా దశలో శాఖకు రాయాలి. సభలోకి వెళ్లాక ఎమ్మెల్యేను, ఎమ్మెల్సీని పట్టుకోవాలి. చట్టమయ్యాక నిబంధనల మీద దృష్టి పెట్టాలి.

కేంద్ర ప్రభుత్వం 2014లో ఒక విధానం పెట్టుకుంది. ఏ శాఖ చట్టం తేదలచినా ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. చట్టం ఎందుకు అవసరమైంది, ఖర్చెంత, జనం బతుకుతెరువు మీద, పర్యావరణం మీద, ప్రాథమిక హక్కుల మీద దాని ప్రభావం ఏమిటి అన్నవి వివరిస్తూ ఒక నోట్ కూడా జతచేయాలి. అయితే ఇది విధానమే కానీ చట్టం కాదు, రాష్ట్రాలను కట్టడి చేయదు. కాబట్టి రాష్ట్ర బిల్లుల విషయంలో మనమే అడిగి పెట్టించుకోవాలి. అడిగితే పెట్టిన సందర్భం మన కళ్ల ముందే ఉంది, దాని సంగతి కిందికి వస్తాను.

ముసాయిదా సంపాదించండి

శాఖ వెబ్‌సైట్ చూడండి. భూమి విషయమైతే సీసీఎల్ఏ (భూ పరిపాలన ప్రధాన కమిషనర్ కార్యాలయం), పట్టణ ప్రణాళిక అయితే మున్సిపాలిటీ లేదా పట్టణాభివృద్ధి సంస్థ, కేంద్ర చట్టమైతే ఆ మంత్రిత్వ శాఖ. పత్రికల్లో చిన్న అక్షరాలతో వచ్చే ప్రకటనలు వదిలేయకండి, గడువు తేదీ అక్కడే ఉంటుంది. ఆ తేదీని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

ఇంగ్లీషులో మాత్రమే ఇస్తే తెలుగు ప్రతి అడగండి. ఇది దయతో ఇచ్చేది కాదు. 2020లో పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదాను ఇంగ్లీషు, హిందీల్లోనే విడుదల చేస్తే, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నింటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది జూన్ 30న ఆదేశించింది, అభ్యంతరాల గడువునూ ఆగస్టు 11 దాకా పెంచింది. తెలుగు ప్రతి కోరుతూ మీరు రాసే లేఖలో ఈ ఆదేశాన్ని ప్రస్తావించండి.

చదివే పద్ధతి

ఇక్కడ తొందరపడకండి. ముసాయిదాను మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడితే మూడో పేజీకే కళ్లు మూతపడతాయి. ఈ వరుసలో చదివి చూడండి.

మొదట నిర్వచనాలు. "రైతు" అంటే ఎవరు? పట్టాదారేనా, కౌలుదారు కూడానా? ఇక్కడ మీరు లేకపోతే తర్వాతి పేజీల్లో ఎక్కడా ఉండరు.

తర్వాత, నిర్ణయం ఎవరి చేతిలో ఉందో చూడండి. పెన్సిల్‌తో "తహసీల్దార్", "కలెక్టర్", "ప్రభుత్వం" అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. వాళ్ల నిర్ణయం తప్పైతే ఎక్కడికి పోవాలో పక్కనే రాసి ఉందా? లేకపోతే మీ మొదటి అభ్యంతరం దొరికినట్టే.

మూడోది, "నిర్దేశించిన విధంగా" అన్న మాట. ఒక ఊహా సెక్షన్ తీసుకుందాం: "తహసీల్దార్ ఉత్తర్వుపై, నిర్దేశించిన గడువులో, నిర్దేశించిన రుసుముతో అప్పీలు చేసుకోవచ్చు." చదవడానికి హక్కు ఇచ్చినట్టే ఉంది. కానీ గడువెంత? రుసుమెంత? రెండూ ఖాళీలే. వాటిని తర్వాత అధికారులు నింపుతారు, అప్పటికి అసెంబ్లీలో చర్చ ముగిసి ఉంటుంది. ఇలాంటి ఖాళీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

నాలుగోది, మినహాయింపులు. "ఈ చట్టం కింది వారికి వర్తించదు" అన్నచోట ఎవరి పేర్లు ఉన్నాయో చూస్తే చట్టం ఎవరి మేలు కోరుతోందో చాలావరకు తెలిసిపోతుంది.

ఐదోది, ఆఖరి పేజీలు. వేరే చట్టాలకు చేసే సవరణలు అక్కడ ఉంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పేరు వింటే అది మన ఫోన్ నంబర్ల గురించే అనుకుంటాం. దాని చివరి సెక్షన్, 44, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చేసింది. అధికారుల వివరాలు అడిగితే "వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపడం ఆ మార్పుతో మరింత తేలికైంది. ఆఖరి పేజీ దాకా చదివినవాళ్లే దాని మీద గొంతెత్తగలిగారు.

చివరగా, ముసాయిదాలో ఏం లేదో చూడండి. ఇది అన్నింటికంటే కష్టమైన పని. సాదాబైనామాల సంగతే చెప్తాను. మన వైపు తెల్లకాగితం మీద రాసుకుని, పెద్దమనుషుల సాక్షి సంతకాలతో భూమి కొనడం తరాలుగా ఉన్నదే. 1971 నాటి ఆర్వోఆర్ (భూ హక్కుల రికార్డుల) చట్టంలో సెక్షన్ 5-ఏ కింద వాటిని క్రమబద్ధం చేయించుకునే దారి ఉండేది. 2020 సెప్టెంబరు 9న కొత్త భూమి హక్కుల బిల్లు సభలో పెట్టారు, 11న అసెంబ్లీ ఆమోదించింది. అందులో సాదాబైనామాలకు సెక్షనే లేదు. ఆ శరత్కాలంలోనే ప్రభుత్వం సాదాబైనామా దరఖాస్తులు కూడా తీసుకుంది. అక్టోబరు 29న కొత్త చట్టం అమల్లోకి వచ్చి పాతది రద్దయ్యాక, ఏ చట్టం కింద పరిష్కరిస్తారన్న ప్రశ్న హైకోర్టుకు వెళ్లింది. కొత్త చట్టం వచ్చాక అందిన దరఖాస్తులను పరిశీలించొద్దని కోర్టు చెప్పింది. దాదాపు 9 లక్షల దరఖాస్తులు ఏళ్ల తరబడి పెండింగ్‌లో పడ్డాయి. ఆ బిల్లును ఒక నెల ముందు జనం ముందు పెట్టి ఉంటే, వర్ధన్నపేటలోనో హుజూరాబాద్‌లోనో మీ సేవ కేంద్రం ముందు నిలబడే ఏ రైతైనా "మరి మా తెల్లకాగితాల సంగతేంది?" అని అడిగి ఉండేవాడు. ఆ ఒక్క ప్రశ్న అడిగే మనిషి ఆ గదిలో లేకపోయాడు.

ఆ చట్టం స్థానంలో కొత్తది తెచ్చేటప్పుడు 2024 ఆగస్టులో ముసాయిదాను సీసీఎల్ఏ వెబ్‌సైట్‌లో పెట్టి సూచనలు అడిగారు. డిసెంబరులో సభ ఆమోదించింది, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి పేరుతో అమలవుతోంది. ఆర్డీవో, కలెక్టర్ దగ్గర అప్పీలు చేసుకునే వీలు, సాదాబైనామాల క్రమబద్ధీకరణ మళ్లీ వచ్చాయి. ఇందులో లోపాలు లేవనను. కానీ ముందు చూపించి రాసిన చట్టానికీ, మూడు రోజుల్లో ముగించిన చట్టానికీ ఉన్న తేడా రైతు బతుకు మీదే కనిపిస్తుంది.

అభ్యంతరం రాయండి

"ఈ నల్లచట్టాన్ని వెంటనే రద్దు చేయాలి" అని రాస్తే చదివే అధికారి దాన్ని వ్యతిరేకించినవాళ్ల లెక్కలో ఒక అంకెగా వేసి పక్కన పెడతారు. సెక్షన్ నంబరు, ఇప్పుడున్న మాట, ఉండాల్సిన మాట, కారణం, ఈ నాలుగూ ఉంటే జవాబు చెప్పక తప్పదు. పైన చెప్పిన ఊహా సెక్షన్‌కే రాసి చూపిస్తాను:

"సెక్షన్ 15లో 'నిర్దేశించిన గడువులో, నిర్దేశించిన రుసుముతో' అన్నచోట 'ఉత్తర్వు తెలుగు ప్రతి చేతికి అందిన నాటి నుంచి 60 రోజుల్లోపు, రుసుము లేకుండా' అని చేర్చాలి. కారణం: మా ఊరి నుంచి డివిజన్ కార్యాలయానికి రెండు బస్సులు మారాలి. ఉత్తర్వు కంప్యూటర్‌లో పెట్టిన రోజు నుంచి గడువు లెక్కిస్తే, మాకు తెలిసేసరికే అది ముగిసిపోతుంది."

ఇంతే. వకీలు అక్కర్లేదు. తెలుగులోనే రాయండి, అది రాష్ట్ర అధికార భాష. ఒక్కో సెక్షన్‌కు ఒక్కో పేరా. మీ ఊళ్లో జరిగింది రాయండి, అది సచివాలయంలో ఎవరికీ తెలియదు, మీకే తెలుసు. పాస్‌బుక్‌లో విస్తీర్ణం తగ్గిందా, ఎన్ని గుంటలు తగ్గిందో రాయండి.

నలుగురిని కలపండి

ఒక్కరి లేఖ కంటే గ్రామసభ తీర్మానానికి బరువెక్కువ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ముసాయిదా మీద చర్చను ఎజెండాలో చేర్చమని సర్పంచ్‌కూ కార్యదర్శికీ ముందే రాసివ్వండి. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కిందాకా కూర్చోండి, ఫోటో తీసుకోండి. ఏటూరునాగారం, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం), అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇంకా బలమైన అధికారాలిచ్చాయి, వాటిని పేరు పెట్టి ప్రస్తావించండి.

నలుగురూ కలిస్తే ఏమవుతుందో ఉత్తర తెలంగాణ చూసింది. 2022లో వరంగల్ ఔటర్ రింగు రోడ్డు చుట్టూ 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్ కింద తీసుకుంటామని నోటిఫికేషన్ వస్తే రైతులు ఊరూరా ఒక్కటై రోడ్డెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలకు గడువు 2023 జనవరి 11 దాకా ఉండగానే చుట్టుపక్కల ఊళ్లు కదిలాయి. జనవరి 20న అక్కడి మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే జరిగింది. అవి చట్టాలు కావు, ప్రణాళికలు. అయినా రెండు పట్టణాల్లోనూ మొదటి మెట్టు అభ్యంతరాల గడువే.

గనుల ప్రాంతంలో ఉంటే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణను వదులుకోకండి. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం దానికి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, మొత్తం వీడియో తీయాలి. సభ చివర్లో, ఎవరేమన్నారో స్థానిక భాషలో చదివి వినిపించాలి. చాలామంది తమ మాట చెప్పగానే వెళ్లిపోతారు. చదివి వినిపించేదాకా ఉండండి, మీ మాట తప్పుగా రాసి ఉంటే అక్కడే దిద్దించండి.

ఇచ్చి రశీదు తీసుకోండి

ఈమెయిల్ చేయండి, స్పీడ్ పోస్టులో పంపండి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఒక ప్రతి ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. మూడూ చేయడం అతి కాదు. రేపు "మీ ఊరి నుంచి ఏ అభ్యంతరమూ రాలేదు" అంటే చూపించడానికి కాగితం కావాలి.

సభలోకి వెళ్లాక

బిల్లు సభలో పెట్టాక శాఖకు రాసి లాభం లేదు. ఎమ్మెల్యేను కలవండి, కానీ "మాకు న్యాయం చేయండి" అని దండం పెట్టి రావద్దు. సెక్షన్ నంబరు, సవరణ మాటలు రాసిన ఒక్క పేజీ చేతిలో పెట్టండి. ఆయన పార్టీ విప్‌కు కట్టుబడి నోరు మెదపకపోవచ్చు. అప్పుడు అదే పేజీ ప్రతిపక్ష సభ్యులకూ, మీ పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీలకూ ఇవ్వండి. బిల్లును సెలెక్ట్ కమిటీకి (బిల్లును పరిశీలించే సభ్యుల కమిటీకి) పంపమనో, ప్రజాభిప్రాయం కోసం జనంలోకి పంపమనో కోరే హక్కు సభ్యులకు ఉంది. ఆ మాట వాళ్లకు గుర్తుచేయాల్సింది మనమే. పార్లమెంటు కమిటీలు పత్రికల్లో ప్రకటన ఇచ్చి సూచనలు అడుగుతాయి. చాలాసార్లు 15 రోజులే ఇస్తాయి కాబట్టి కాగితం ముందే సిద్ధంగా ఉంచుకోండి.

చట్టమయ్యాక

సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(సి) ప్రకారం, జనాన్ని తాకే ముఖ్య విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ అధికారులే ప్రచురించాలి. చేయకపోతే దరఖాస్తు పెట్టండి. మన దగ్గర గ్రామ స్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే జవాబు రాదు, కాగితాలు అడగాలి: ముసాయిదాపై అందిన సూచనలు మొత్తం ఎన్ని, వాటి సారాంశ నోట్ ప్రతి, ఫలానా ఇన్‌వర్డ్ నంబరుతో ఇచ్చిన మా లేఖపై ఫైల్‌లో రాసిన నోట్ ప్రతి. మంత్రివర్గ పత్రాలు కాబట్టి ఇవ్వలేమంటే, నిర్ణయం జరిగి విషయం ముగిశాక ఇవ్వాల్సిందేనని 8(1)(ఐ)లోనే ఉందని రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, తర్వాతి 30 రోజుల్లో అదే శాఖలో మొదటి అప్పీలు, ఆపైన సమాచార కమిషన్.

ఈలోగా నిబంధనలు రాయడం మొదలై ఉంటుంది. ఆ "నిర్దేశించిన" ఖాళీలు నింపేది ఇప్పుడే. ముందుగా ప్రచురించాకే నిబంధనలు చేయాలని కేంద్ర చట్టంలో ఉంటే, 1897 జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 23 ప్రకారం వాటి ముసాయిదా బయటపెట్టి, వచ్చిన అభ్యంతరాలను పరిశీలించి తీరాలి. రాష్ట్ర చట్టమైతే, చట్టం గెజిట్‌లో వచ్చిన వారంలోనే శాఖ ముఖ్య కార్యదర్శికి లేఖ రాసి నిబంధనల ముసాయిదాను తెలుగులో ప్రచురించమని కోరండి. మీరు మొదటిసారి పంపిన అభ్యంతరాల పేజీని, దాని ఇన్‌వర్డ్ నంబరుతో సహా, ఆ లేఖకు జతచేయండి.