మండల కేంద్రంలో బ్లడ్ టెస్టుల ల్యాబ్: లోన్, సబ్సిడీ ఎలా తెచ్చుకోవాలి?

ల్యాబ్ పెట్టాలనుకునేవాళ్లలో చాలామంది ముందు మెషిన్ల డీలర్ దగ్గరికి వెళ్తారు. అడ్వాన్సు కట్టి, షాపు మాట్లాడుకుని, బోర్డు కూడా రాయించాక బ్యాంకుకు వెళ్తారు. అక్కడే సబ్సిడీ చేజారుతుంది. సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్లకు బ్యాంకు లోన్‌తో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ. దీని మొదటి లోన్ కొత్త యూనిట్లకే ఇస్తారు. ముద్ర లోన్ తీసుకుని ఇప్పటికే నడుపుతున్న ల్యాబ్‌కి తర్వాత అడిగినా ఈ కొత్త యూనిట్ సబ్సిడీ రాదు. కాబట్టి ముందు పీఎంఈజీపీకి ప్రయత్నించండి, కుదరకపోతే ముద్రకు వెళ్లండి. లోన్ శాంక్షన్ అయ్యేదాకా మెషిన్ కొనొద్దు.

1. ముందు పేషెంట్ల లెక్క

బ్యాంకు మేనేజర్ చూసేది మెషిన్ ఎంత గొప్పదని కాదు, నెలనెలా కిస్తీ కట్టగలరా లేదా అని. ఆ లెక్క మీరే ముందు వేసుకోండి. కింది అంకెలు ఉదాహరణకు వేసినవి, మీ ఊరి రేట్లు పెట్టి మార్చుకోండి.

రోజుకు 20 మంది, తలకు సగటున 200 రూపాయలు, నెలకు 26 రోజులు అనుకుంటే రాబడి 1,04,000. ఇందులో రీఏజెంట్లు (టెస్టులకు వాడే రసాయనాలు), సిరంజిలు, ట్యూబులకు 30 శాతం, అంటే సుమారు 31,000 పోతుంది. టెక్నీషియన్‌కి 18,000, శాంపిల్స్ తీసే మనిషికి 9,000, రిపోర్టులు చూసి సంతకం చేసే డాక్టరుకు 10,000, అద్దె 8,000, కరెంటు, నెట్ 5,000, వ్యర్థాలు తీసుకెళ్లే ఏజెన్సీకి, చిల్లర ఖర్చులకు 2,000. మొత్తం 83,000 పోగా మిగిలేది 21,000. కిస్తీ 11,740 అనుకుంటే (ఇదెలా వచ్చిందో 3వ భాగంలో ఉంది) ఫర్వాలేదు.

అదే 20 మంది 15 మందికి తగ్గితే? రాబడి 78,000. రీఏజెంట్ల ఖర్చు తగ్గుతుంది కానీ జీతాలూ అద్దే తగ్గవు. మిగిలేది 2,600. కిస్తీ సంగతి అటుంచితే, మీ ఇంటి ఖర్చుకే సరిపోదు. ఈ లెక్కలో రోజుకు 18 మంది వస్తేనే కిస్తీ గట్టెక్కుతుంది. బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టులో ఈ 18 కనబడాలి. ఏజెంట్లు తయారుచేసే రిపోర్టుల్లో మొదటి నెల నుంచే 40 మంది వస్తారని ఉంటుంది, నాలుగు రిపోర్టులు చూసిన మేనేజర్‌కు అది ఇట్టే తెలిసిపోతుంది.

18 మంది ఎక్కణ్నుంచి వస్తారో కూడా చూసుకోండి. తెలంగాణలో టీ-డయాగ్నోస్టిక్స్ అనే ప్రభుత్వ పథకం కింద పీహెచ్‌సీల్లో తీసిన శాంపిల్స్‌ను జిల్లా హబ్‌లో ఉచితంగా పరీక్షిస్తారు. అక్కడికి వెళ్లేవాళ్లను మీ లెక్కలో కలపొద్దు. చుట్టుపక్కల ప్రైవేటు క్లినిక్‌లకు ఉదయం పూట ఎంతమంది వస్తున్నారో వారం రోజులు గమనించండి. డాక్టర్లకు కమీషన్ ఇస్తే పేషెంట్లు వస్తారనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వైద్య మండలి నిబంధనల ప్రకారం డాక్టర్ కమీషన్ తీసుకోవడం తప్పు. దాని మీద నిలబెట్టిన ల్యాబ్ పక్కన ఇంకొకరు ఎక్కువ ఇచ్చిన రోజే ఖాళీ అవుతుంది.

2. ప్రాజెక్టు కాస్ట్

ఉదాహరణకు 9 లక్షల ల్యాబ్: త్రీ పార్ట్ సెల్ కౌంటర్ (రక్తకణాలు లెక్కించే మెషిన్) 2,75,000, సెమీ ఆటో అనలైజర్ (షుగర్, కొలెస్ట్రాల్ లాంటి టెస్టుల మెషిన్) 1,25,000, మైక్రోస్కోప్ 25,000, సెంట్రిఫ్యూజ్ 12,000, ఫ్రిజ్ 20,000, ఆన్‌లైన్ యూపీఎస్, బ్యాటరీలు 55,000, కంప్యూటర్, ప్రింటర్, సాఫ్ట్‌వేర్ 60,000, ఏసీ 40,000, పార్టిషన్, సింక్, ఫర్నిచర్ 1,10,000. మిగతా 1,78,000 వర్కింగ్ క్యాపిటల్, అంటే సుమారు రెండు నెలల ఖర్చు. చాలామంది దీన్ని కోసేసి ఆ డబ్బుతో పెద్ద మెషిన్ కొంటారు. మూడో వారానికి రీఏజెంట్లకు డబ్బుల్లేక పేషెంట్లను వెనక్కి పంపుతారు.

సెల్ కౌంటర్ కొనేటప్పుడు డీలర్‌ను ఒకటి సూటిగా అడగండి: వేరే కంపెనీ రీఏజెంట్ ఇందులో పనిచేస్తుందా? పనిచేయకపోతే వాళ్లు ఎప్పుడు రేటు పెంచినా కట్టాల్సిందే. యూపీఎస్, సరైన ఎర్తింగ్ లేకుండా మాత్రం మెషిన్ ఆన్ చేయొద్దు. వోల్టేజ్ తేడాకు బోర్డు కాలితే వారంటీలో రాదనే వాళ్లే ఎక్కువ.

స్థలం కొన్న ఖరీదు పీఎంఈజీపీ ప్రాజెక్టు కాస్ట్‌లోకి రాదు.

3. సబ్సిడీ ఎంత వస్తుంది

2021-22 నుంచి 2025-26 వరకు ఆమోదించిన పీఎంఈజీపీ మార్గదర్శకాల్లో సేవా రంగానికి (ల్యాబ్ ఇందులోకే వస్తుంది) ప్రాజెక్టు కాస్ట్ పరిమితి 20 లక్షలు. ప్రాజెక్టు కాస్ట్‌లో జనరల్ పురుషులకు పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం సబ్సిడీ. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మాజీ సైనికులు, దివ్యాంగులకు పట్టణంలో 25, గ్రామంలో 35 శాతం. సొంత వాటా జనరల్‌కు 10 శాతం, మిగతా వాళ్లకు 5 శాతం. 5 లక్షలు దాటిన సేవా యూనిట్‌కి కనీసం 8వ తరగతి పాసై ఉండాలి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. గడువు, రేట్లు మారుతుంటాయి, అప్లై చేసే రోజు పీఎంఈజీపీ పోర్టల్‌లో చూసుకోండి.

గ్రామం, పట్టణం తేడా ఇక్కడ డబ్బు. షాపు పంచాయతీ పరిధిలో ఉంటే గ్రామం కిందే లెక్క. మునిసిపాలిటీ హద్దుకు రోడ్డు ఇటుపక్కా అటుపక్కా ఉన్న రెండు షాపుల్లో పంచాయతీ వైపుదైతే 9 లక్షలకు 90,000 ఎక్కువ వస్తుంది. పంచాయతీ కార్యదర్శి నుంచి రూరల్ సర్టిఫికెట్ తీసుకోండి.

గ్రామంలో ఒక మహిళ 9 లక్షలకు పెడితే సొంత వాటా 45,000, బ్యాంకు ఇచ్చేది 8,55,000. సబ్సిడీ 3,15,000 చేతికి రాదు. బ్యాంకులో ఆమె పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. దానికి వడ్డీ రాదు, అంత మేరకు లోన్ మీద వడ్డీ కూడా పడదు. అందుకే వడ్డీ పడేది 5,40,000కే. 11 శాతం వడ్డీకి ఐదేళ్లలో కట్టేస్తే పైన చెప్పిన 11,740 కిస్తీ వస్తుంది.

4. కాగితాలు, అప్లికేషన్

పోర్టల్‌లో మీ అప్లికేషన్ చూసే ఏజెన్సీగా జిల్లా పరిశ్రమల కేంద్రాన్నో ఖాదీ కమిషన్‌నో ఖాదీ బోర్డునో ఎంచుకోవాలి. ఆధార్, పాన్, కుల ధ్రువపత్రం, చదువు సర్టిఫికెట్, రూరల్ సర్టిఫికెట్, ప్రాజెక్టు రిపోర్టు, జీఎస్టీ నంబరున్న డీలర్ల కొటేషన్లు కావాలి. అప్లికేషన్‌కు ఫీజు లేదు, శాంక్షన్ చేయిస్తానని డబ్బడిగేవాణ్ని నమ్మొద్దు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) కూడా ఉచితమే.

అప్లై చేయకముందే మీ సిబిల్ రిపోర్టు తీసి చూడండి. బావమరిది ట్రాక్టర్ లోన్‌కి ష్యూరిటీ పెట్టి మరచిపోయిన సంతకం అక్కడ తేలుతుంది. అతని బకాయి కట్టించి, క్లియరెన్స్ లెటర్ తెచ్చుకున్నాకే వెళ్లండి. శాంక్షన్ తర్వాత ఈడీపీ శిక్షణ (వ్యాపారం ఎలా నడపాలో నేర్పేది) ఉంటుంది. మెషిన్ల డబ్బు మీ చేతికివ్వరు, బ్యాంకే డీలర్ ఖాతాకు పంపుతుంది.

5. అనుమతులు

రిపోర్టుపై టెక్నీషియన్ సంతకం చాలదు. పాథాలజీలో పీజీ చేసిన డాక్టరే సంతకం పెట్టాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత 2020లో కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలు చిన్న ల్యాబ్‌ల విషయంలో మారాయి. ఏపీకి 2002 నుంచి సొంత చట్టం ఉంది. మీరు చేయబోయే టెస్టులకు ఎవరి సంతకం చెల్లుతుందో డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కార్యాలయంలో అడిగాకే డాక్టరు ఫీజును ఖర్చుల్లో వేయండి. కాలుష్య నియంత్రణ మండలి నుంచి బయోమెడికల్ వ్యర్థాల అనుమతి కావాలి. బెడ్లు లేని ల్యాబ్‌కి 2016 నిబంధనల ప్రకారం ఒకసారి తీసుకుంటే చాలు. వ్యర్థాలు తీసుకెళ్లే ఏజెన్సీతో ఒప్పందం ముందే చేసుకోండి.

6. పీఎంఈజీపీ రాకపోతే

కొత్తగా తీసుకునేవాళ్లకు ముద్రలో 10 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, సబ్సిడీ ఉండదు. పొదుపు సంఘంలో సభ్యురాలైతే బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే లోన్), స్త్రీనిధి (సంఘాల మహిళలకు అప్పులిచ్చే సంస్థ) లోన్ కూడా అడగొచ్చు, కానీ ఆ మొత్తాలు సెల్ కౌంటర్‌కు సరిపోవడం కష్టం, రీఏజెంట్లకు పనికొస్తాయి.

పీఎంఈజీపీ వచ్చినవాళ్లు మూడేళ్ల దాకా బిల్లులు, స్టాక్ రిజిస్టరు, కిస్తీ రసీదులు జాగ్రత్తగా ఉంచాలి. ఆ గడువు తర్వాత యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలితేనే డిపాజిట్‌ను లోన్‌లో సర్దుతారు. షాపు మార్చాల్సి వస్తే బ్యాంకుకూ ఏజెన్సీకీ ముందే రాసివ్వండి. పాత అడ్రసుకు వెళ్లి షట్టర్ మూసి ఉందని రాసుకుపోతే దాన్ని సరిచేయించడానికి నెలలు పడుతుంది.