బియ్యం బ్యాంకు పుస్తకంతో ప్రజావాణి అర్జీ ఎలా పెట్టాలి?

బియ్యం బ్యాంకు అంటే దానంగా వచ్చిన బియ్యం లేనివాళ్లకు పంచే చోటు. పంచడం పెద్ద పనేం కాదు. ఒక గది, ఎలుకలు చొరని రెండు డ్రమ్ములు, ఒక కాటా, పొడుగు నోటుబుక్కు ఉంటే చాలు. మిర్యాలగూడ మిల్లులు దగ్గరే కాబట్టి అడిగితే ఎవరో ఒకరు బస్తా ఇస్తారు. రేషన్ బియ్యం మాత్రం దానంగా కూడా తీసుకోవద్దు, తనిఖీకి వచ్చినవాళ్లు అక్రమ నిల్వ అని నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు రాస్తే మీరు చేసేది పుణ్యమని ఎవరూ వినరు. లెక్కలు నోటుబుక్కులోనే రాయాలి, ఫోన్‌లో కాదు. చాదస్తం అంటారా, అనుకోండి.

చాలామంది పేరు, కిలోలు రాసుకుని, పది కిలోల మూటకు పదిమంది చేతులు వేసి ఫొటో దిగి గ్రూపులో పెడతారు. వచ్చే నెల అదే మనిషి, అదే మూట. ఆ ఇంట్లో బియ్యం ఎందుకు తక్కువ పడ్డాయో ఎవరూ రాయరు. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

అడిగే పద్ధతి ఉంది. వరుసలో నలుగురి ముందు అడగొద్దు, బియ్యం ఇచ్చాక పక్కన కూర్చోబెట్టి అడగండి, లేకపోతే జవాబు చెప్తేనే బియ్యమిస్తారని భయపడతారు. "కార్డు ఉందా?" అనొద్దు, ఉందంటారు, ముచ్చట అక్కడితో అయిపోతుంది. "అవ్వా, ఈ నెల షాపుల ఎన్ని కిలోలిచ్చిన్రు? ఇంట్ల ఎందరు తింటరు?" అనండి. మామూలు రేషన్ కార్డుకు మన తెలంగాణలో మనిషికి 6 కిలోలు, మరీ పేదలకిచ్చే అంత్యోదయ కార్డు అయితే ఇంటికి 35. దేవరకొండ దిక్కు నుంచి వచ్చే ఒక అవ్వ ఇంట్లో తినేది ఐదుగురు, వచ్చేది 12 కిలోలు. రావాల్సింది 30. కోడలి పేరు ఇంకా తల్లిగారింటి కార్డులోనే ఉంది, పిల్లలిద్దరి పేర్లు ఎక్కడా లేవు. మేం నెలనెలా ఇచ్చిన పది కిలోలు ఆ 18 కిలోల లోటులోకే పోయాయి. సర్కారు బాకీ మేం కట్టాం అన్నమాట.

పత్తి ఏరి వేళ్లు అరిగిపోయినవాళ్ల ముద్ర రేషన్ షాపు మిషన్ మీద పడదు, ఐరిస్, అంటే కంటిపాప స్కాన్, అడగమని చెప్పండి. రేపు రమ్మన్నారంటే ఆ తేదీ రాయండి. అర్జీలో డీలర్ మీద నిందలు మాత్రం రాయొద్దు, వచ్చే నెల అవ్వ ఆ షాపుకే పోవాలి. "ఫలానా తేదీన వేలిముద్ర పడలేదు, బియ్యం ఇవ్వలేదు" అంటే సరిపోతుంది. అర్జీ పెట్టే ముందు ఆ మనిషిని అడిగి ఒప్పించుకోండి.

ఇక అర్జీ. ఒక ఇల్లు, ఒక సమస్య, ఒక కాగితం. నేనూ మొదట్లో నలభై సంతకాలతో పేదరికం మీద పెద్ద వినతిపత్రం ఇచ్చాను, అది ఏ బీరువాలో ఉందో ఇప్పటికీ తెలియదు. అవ్వ ఇంటి లాంటి చోట కోడలి పేరు ముందు తల్లిగారింటి కార్డులోంచి తీయించి, పిల్లల ఆధార్‌తో మీసేవలో దరఖాస్తు చేసి, ఆ నంబరు అర్జీలో రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. కార్డులో పేరుండీ బియ్యం ఇవ్వకపోతే 2013 ఆహార భద్రతా చట్టంలో దానికి బదులు భత్యం ఉంది, అది కూడా అడగండి.

ఒకే కారణం పుస్తకంలో పదిసార్లు కనిపిస్తే, పేర్లు లేకుండా ఎన్ని ఇళ్లు, ఎన్ని కిలోల లోటు అని ఒక్క పేజీ రాసి అధికారికి ఇవ్వండి. ఉపన్యాసం కంటే ఆ పేజీ నయం. నెలకోసారి మళ్లీ అదే ప్రశ్న అడగండి, కిలోలు సరిపోయిన ఇంటి వరుసను ఎర్ర పెన్నుతో కొట్టేయండి. మా పుస్తకంలో అవ్వ వరుస ఇంకా అట్లనే ఉంది. కోడలి పేరు, పెద్దోడి పేరు ఎక్కాయి, చిన్నోడిదే ఎక్కలేదు.